ఉచితమూ ఒక బేరమే: ఏ యాప్‌కు డబ్బు చెల్లించడం సబబు?

నెలవారీ ఖర్చులను పద్దుల పుస్తకంలో రాసుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా కొందరికి ఉంది. బియ్యం, పాలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, మందులు, ఫోన్ రీఛార్జి అన్న వరుసలో గత కొన్నేళ్లుగా మరో పద్దు వచ్చి చేరింది. అది యాప్‌ల చందా. అయితే చాలా ఇళ్లలో ఈ పద్దు కాగితం మీదికి ఎక్కదు. ఆ సొమ్మును ఎవరూ చేత్తో లెక్కపెట్టి ఇవ్వరు. ఖాతాలో నుంచి దానంతట అదే వెళ్లిపోతుంది. నెలాఖరున బ్యాంకు సందేశం చూసినప్పుడు మాత్రమే "ఈ 149 దేనికి?" అన్న ప్రశ్న పుడుతుంది.

ఈ విషయంలో మన సమాజంలో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. ఉచితంగా దొరికే యాప్‌కు డబ్బు ఇచ్చేవాడు అమాయకుడని కొందరి అభిప్రాయం. వారి ఫోన్‌లో ఖుర్ఆన్ పారాయణం మధ్యలో ఆటల ప్రకటన, అజాన్ వేళల పక్కనే అప్పులిచ్చే సంస్థ ప్రకటన కనిపించినా వారికి అభ్యంతరం ఉండదు. మరికొందరు అడిగిన ప్రతిచోటా "సరే" అని నొక్కుతారు. ఏడు రోజుల ఉచిత వాడకం ఎప్పుడు ముగిసిందో, ఏడాది చందా ఎప్పుడు మొదలైందో వారికి గుర్తుండదు. చూడటానికి ఈ రెండూ వ్యతిరేక ధోరణులు. కానీ రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. ఏమి ఇస్తున్నాము, ఏమి పుచ్చుకుంటున్నాము అని తూచి చూడకపోవడం.

ధనం గురించి ప్రతి మనిషీ ఎలా సంపాదించాడో, దేనికి ఖర్చు చేశాడో జవాబు చెప్పుకోవలసి ఉంటుందని మహాప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఇందులో రెండో ప్రశ్న యాప్‌లకూ వర్తిస్తుంది. కనుక ఏ యాప్ డబ్బుకు తగినది, ఏది కాదు అన్న విషయాన్ని కొంత నిదానంగా పరిశీలిద్దాం.

ఉచితంలో మూడు రకాలు

ముందుగా ఉచితం అన్న మాటను విడదీసి చూడాలి. యాప్‌ను తయారు చేయడానికి మనుషులు పని చేస్తారు. దాన్ని నడపడానికి సర్వర్లు కావాలి. ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఏటా మారుతుంది గనుక యాప్‌నూ దానికి తగినట్లు మారుస్తూ ఉండాలి. ఈ ఖర్చును ఎవరో ఒకరు భరించక తప్పదు. ఎవరు భరిస్తున్నారన్న దాన్ని బట్టి ఉచిత యాప్‌లు మూడు రకాలు.

మొదటి రకం వక్ఫ్ బావి వంటిది. దాతలో, ప్రభుత్వమో, విద్యాసంస్థో ఖర్చు భరిస్తే అందరూ నీళ్లు తోడుకుంటారు. రెండో రకం యాప్‌లు మన చూపును, మన సమాచారాన్ని ప్రకటనదారులకు అమ్మి బతుకుతాయి. మూడో రకం సంతలో రుచి చూపించే మిఠాయి ముక్క వంటిది. కొంత భాగం ఉచితంగా ఇచ్చి, మిగతాదానికి డబ్బు అడుగుతారు. ఈ మూడో రకంలో దాపరికం లేకపోతే తప్పూ లేదు.

వాట్సాప్ చరిత్ర ఈ తేడాను బాగా తెలియజేస్తుంది. తొలినాళ్లలో ఆ సంస్థ తన యాప్‌లో ప్రకటనలు ఉండవని చెప్పింది. అందుకు బదులుగా మొదటి ఏడాది తరువాత సంవత్సరానికి దాదాపు ఒక డాలరు చందా పెట్టింది. 2014లో ఫేస్‌బుక్ ఆ సంస్థను కొన్నది. 2016 జనవరిలో చందా ఎత్తివేస్తున్నట్లు ప్రకటన వచ్చింది. అందరూ సంతోషించారు. 2025 జూన్‌లో స్టేటస్‌లు కనిపించే విభాగంలో ప్రకటనలు చూపిస్తామని యాజమాన్యం ప్రకటించింది. ఏడాదికి ఒక డాలరు అడగడం మానివేసిన చోటికి చివరకు ప్రకటన వచ్చింది. డబ్బు తీసుకోవడం మానిన వ్యాపారి దుకాణం మూసుకోలేదంటే, అతనికి ఆదాయం మరోచోట నుంచి వస్తున్నదని అర్థం.

నమాజు వేళల యాప్ నేర్పిన పాఠం

మన సమాజం మరచిపోకూడని సంఘటన ఒకటి 2020 నవంబరులో బయటపడింది. అమెరికాకు చెందిన వైస్ సంస్థ సాంకేతిక వార్తా విభాగం మదర్‌బోర్డ్ ఒక పరిశోధన కథనం ప్రచురించింది. ఎక్స్-మోడ్ అనే సంస్థ అనేక సాధారణ యాప్‌ల నుంచి వాడకందారులు ఎక్కడెక్కడ ఉన్నారన్న సమాచారాన్ని సేకరించి, కాంట్రాక్టర్లకు అమ్ముతున్నదనీ, ఆ కాంట్రాక్టర్ల ద్వారా అది అమెరికా సైన్యానికి చేరుతున్నదనీ ఆ కథనం తెలిపింది. అలా ఎక్స్-మోడ్‌కు సమాచారం పంపుతున్న యాప్‌లలో ముస్లిం ప్రో ఒకటి. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే ఆ యాప్‌ను అప్పటికి 9 కోట్ల 80 లక్షలకు పైగా సార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారు.

తాము ఎవరి వ్యక్తిగత సమాచారాన్నీ అమెరికా సైన్యానికి అమ్మలేదని ముస్లిం ప్రో యాజమాన్యం వివరణ ఇచ్చింది. ఎక్స్-మోడ్‌తో సంబంధాన్ని తెంచుకుంటున్నట్లు ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరులో ఆపిల్, గూగుల్ సంస్థలు ఎక్స్-మోడ్ సాఫ్ట్‌వేర్‌ను తమ యాప్‌లలో నుంచి తొలగించాలని యాప్ తయారీదారులను ఆదేశించాయి. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆ సంస్థ సున్నితమైన ప్రదేశాలకు సంబంధించిన సమాచారాన్ని అమ్మకుండా నిషేధించింది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. నమాజు కోసం మస్జిద్‌కు వెళ్లే మనిషి రోజుకు ఐదుసార్లు ఎక్కడ నిలబడుతున్నాడో తెలిపే వివరం సాధారణమైనది కాదు. ఒకరి రహస్యాలను కూపీ లాగవద్దని సూరా అల్-హుజురాత్‌లో విశ్వాసులకు ఆదేశం ఉంది. మన ఆరాధనకు తోడ్పడుతుందని తెచ్చుకున్న వస్తువే మన జాడను బయటి వారికి అందించే మార్గంగా మారితే, దాని మీద ఉచితం అన్న ముద్ర ఉండి ప్రయోజనం ఏమిటి?

అయితే డబ్బు కట్టినంత మాత్రాన సమాచారం భద్రంగా ఉంటుందన్న హామీ లేదు. చందా తీసుకునే యాప్ సమాచారాన్నీ సేకరించవచ్చు. అందుకే కొనే ముందు ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో ఉండే డేటా భద్రత అన్న భాగాన్ని తెరిచి చదవాలి. ఐఫోన్ యాప్ స్టోర్‌లో కూడా ఇలాంటి వివరం ఉంటుంది. ఏమేమి సేకరిస్తారు, ఎవరితో పంచుకుంటారు అన్నది యాప్ తయారీదారు అక్కడ ప్రకటించవలసి ఉంటుంది. మందు డబ్బా మీద గడువు తేదీ చూసే ఇల్లాలికి ఈ రెండు నిమిషాల పరిశీలన కష్టమేమీ కాదు.

వేళల లెక్కకు చందా కట్టాలా?

నమాజు వేళలు సూర్యుని గమనాన్ని బట్టి నిర్ణయమవుతాయి. ఈ లెక్క మన పూర్వులకు శతాబ్దాల క్రితమే తెలుసు. మస్జిద్‌లలో వేళలు లెక్కగట్టేందుకు ముఅఖ్ఖిత్ అనే అధికారి ఉండేవాడు. 14వ శతాబ్దపు గొప్ప ఖగోళవేత్త ఇబ్నుష్షాతిర్ డమాస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిద్‌లో ఈ బాధ్యతనే నిర్వహించాడు. ఆ లెక్క చేయడానికి నేటి ఫోన్‌కు ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. మీ ఊరు ఏదో తెలిస్తే చాలు. కనుక యాప్‌కు లొకేషన్ అనుమతి ఇవ్వకుండా, ఊరి పేరును మీరే ఎంచుకోండి. ఊరి పేరు ఎంచుకునే వీలు లేని యాప్‌ను తొలగించడమే మేలు.

వేళల యాప్‌లో అసలు సరిచూడవలసింది లెక్కించే పద్ధతి. ఫజ్ర్ వేళకు సూర్యుడు క్షితిజం కింద ఎన్ని డిగ్రీల దూరంలో ఉండాలన్న విషయంలో సంస్థల మధ్య భేదం ఉంది. కరాచీలోని ఇస్లామీయ శాస్త్రాల విశ్వవిద్యాలయం పద్ధతిలో ఫజ్ర్‌కూ, ఇషాకూ 18 డిగ్రీలు. ముస్లిం వరల్డ్ లీగ్ పద్ధతిలో ఫజ్ర్‌కు 18, ఇషాకు 17. ఉత్తర అమెరికా ఇస్లామిక్ సొసైటీ పేరుతో ఉండే పద్ధతిలో రెండింటికీ 15. హైదరాబాదు అక్షాంశం వద్ద 18 డిగ్రీలకూ 15 డిగ్రీలకూ మధ్య దాదాపు 12 నుంచి 14 నిమిషాల తేడా వస్తుంది. రమజాన్‌లో దీని పర్యవసానం ఊహించండి. 18 డిగ్రీల లెక్క ప్రకారం సహరీ ముగిసిపోయినా, 15 డిగ్రీల యాప్ ఇంకా వ్యవధి ఉన్నట్లు చూపుతుంది.

అస్ర్ విషయంలో తేడా మరింత ఎక్కువ. నీడ వస్తువంత అయినప్పుడా, రెండింతలైనప్పుడా అన్న ఫిఖ్హ్ భేదం మనకు తెలిసినదే. మన ప్రాంతంలో ఈ రెండు వేళల మధ్య చలికాలంలో ముప్పావు గంట, వేసవిలో గంటకు పైగా అంతరం ఉంటుంది. కనుక హనఫీ కుటుంబాలు అస్ర్ పద్ధతిని హనఫీగా మార్చుకుని, ఫలితాన్ని తమ మస్జిద్ వేళల పట్టికతో పోల్చి చూసుకోవాలి. ఈ సర్దుబాటు ఉచితమే. ఎంత చందా కట్టినా తప్పు పద్ధతి ఎంచుకున్న యాప్ తప్పు వేళనే చూపుతుంది.

ఖిబ్లా సంగతీ ఇంతే. హైదరాబాదు నుంచి ఖిబ్లా నేరుగా పడమరకు కాక, దాదాపు 13 డిగ్రీలు ఉత్తరం వైపుకు వాలి ఉంటుంది. ఫోన్‌లోని దిక్సూచి అయస్కాంతాన్ని ఆధారం చేసుకుని పని చేస్తుంది. ఇనుప బీరువా పక్కన, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరుతో అది దారి తప్పుతుంది. దానికి పరిష్కారం ఖరీదైన యాప్ కాదు. ఫోన్‌ను కవరు నుంచి తీసి, ఆరుబయట చూసుకుంటే సరిపోతుంది.

వక్ఫ్ బావి ఉన్నచోట నీళ్లు కొనవద్దు

దాతల సహాయంతో నడిచే మంచి యాప్ ఉన్నప్పుడు అదే పనికి మరో యాప్ కొనడం వృథా ఖర్చు. ఖుర్ఆన్ చదవడానికి, వినడానికి, భావం తెలుసుకోవడానికి ఖుర్ఆన్ డాట్ కామ్ యాప్ ఉంది. లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతున్నది. అందులో ప్రకటనలు ఉండవు. అనేక మంది ఖారీల పారాయణం, తెలుగుతో సహా అనేక భాషల అనువాదాలు అందులో దొరుకుతాయి. రియాద్‌లోని కింగ్ సఊద్ విశ్వవిద్యాలయం తయారు చేసిన ఆయత్ యాప్ కూడా ఉచితమే. అరబీ గ్రంథాలు పరిశీలించే ఉలమాకూ, మదరసా విద్యార్థులకూ అల్-మక్తబా అష్-షామిలా వేలాది గ్రంథాలను ఉచితంగా అందిస్తున్నది. ఒకప్పుడు ఒక గ్రంథం కోసం ఊళ్లు దాటి వెళ్లిన గురువుల శిష్యులం మేము. ఆ గ్రంథాలన్నీ నేడు బీద విద్యార్థి గదిలోకి వచ్చాయి.

పిల్లల చదువు విషయంలో కూడా ముందు ఉచిత బావులను వెదకాలి. కేంద్ర ప్రభుత్వ దీక్షా వేదికలో పాఠ్యపుస్తకాలకు అనుబంధంగా పాఠాలు ఉన్నాయి. ఖాన్ అకాడమీ లాభాపేక్ష లేని సంస్థ. చిన్న పిల్లల కోసం అది తెచ్చిన యాప్‌లో ప్రకటనలూ లేవు, చందా కూడా లేదు. ఏడాదికి వేల రూపాయలు అడిగే చదువుల యాప్‌కు సంతకం చేసే ముందు, వీటిని పిల్లవాడు ఒక నెల క్రమం తప్పకుండా వాడగలడేమో చూడండి. ఉచితంగా దొరికినదాన్ని పది రోజులు కూడా తెరవని పిల్లవాడు, డబ్బు కట్టినంత మాత్రాన రోజూ తెరుస్తాడని ఆశించడం సరికాదు.

ఈ బావులు ఎండిపోకుండా చూసుకునే బాధ్యత కూడా మనదే. ఏ యాప్ వల్ల మీ ఇంట్లో ఖుర్ఆన్ పఠనం పెరిగిందో, ఆ యాప్ నడిపేవారికి ఏడాదికోసారి శక్తి మేరకు సదఖా పంపండి. అడగకుండా ఇచ్చే ఆ సొమ్ము, దాన్ని కొనలేని మరొకరి చేతిలో ఆ యాప్ నిలిచి ఉండటానికి పనికివస్తుంది.

డబ్బుకు తగినవి

అయితే డబ్బు చెల్లించదగిన యాప్‌లు లేవా? ఉన్నాయి. నా దృష్టిలో మూడు సందర్భాలలో చెల్లింపు సబబు.

మొదటిది, పోగొట్టుకుంటే తిరిగి రానిదాన్ని భద్రపరిచే సేవ. గూగుల్ ఖాతాకు 15 జీబీ స్థలం ఉచితం. ఈమెయిల్, ఫొటోలు, ఫైళ్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఫొటోలకు అపరిమితంగా ఇచ్చిన ఉచిత స్థలం 2021 జూన్ 1తో ముగిసింది. పరలోకానికి వెళ్లిన తల్లి గొంతు, నికాహ్‌నామా ప్రతి, భూమి కాగితాలు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన మనుమల ఫొటోలు ఒకే ఫోన్‌లో ఉన్నాయంటే, ఆ ఫోన్ నీళ్లలో పడిన రోజున అన్నీ పోతాయి. ఇలాంటి ఇంటికి గూగుల్ వన్ వంటి నిల్వ చందా తగిన ఖర్చే. తీసుకున్న స్థలాన్ని మరో ఐదుగురు కుటుంబ సభ్యులతో పంచుకోవచ్చు. అయితే ఒక హెచ్చరిక. చందా ఆపితే, ఉచిత పరిమితి దాటిన ఖాతాలోకి కొత్త మెయిల్ రావడం ఆగుతుంది. రెండేళ్లకు మించి అలాగే ఉంటే అందులోనివి తొలగించే అవకాశం కూడా ఉంది. కాబట్టి ముఖ్యమైన వాటి ప్రతి ఒకటి కంప్యూటర్‌లోనో, హార్డ్ డిస్కులోనో విడిగా ఉంచుకోవాలి.

రెండవది, శ్రమను నిజంగా తగ్గించే, నిత్యం వాడే విద్యా సాధనం. హిఫ్జ్ చేసే పిల్లలకు తర్తీల్ యాప్ ఇలాంటిది. పిల్లవాడు చూడకుండా పారాయణం చేస్తుంటే యాప్ విని, వదిలేసిన పదాన్నీ, మారిన పదాన్నీ చూపుతుంది. పారాయణాన్ని అనుసరించే సదుపాయం ఉచితం. తప్పులు చూపే సదుపాయం చందాదారులకు. ఇంట్లో పాఠం అప్పజెప్పించుకునే హాఫిజ్ లేనప్పుడు, రోజూ పాత పాఠం తిరగవేసే పిల్లవాడికి ఇది మంచి తోడు.

కానీ యాప్ ఉస్తాద్ స్థానం తీసుకోలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లల పారాయణం వింటున్నవాడిగా ఈ మాట చెబుతున్నాను. జాల్, జా, జాద్, జోయ్ అనే నాలుగు అరబీ అక్షరాలు తెలుగు నాలుక మీద ఒకే "జ"గా మారిపోతాయి. సీన్, సాద్, సే అక్షరాలకూ ఇదే గతి. నాలుక కొస ఎక్కడ ఆనుతున్నదో, గొంతు ఏ భాగం కదులుతున్నదో ఎదురుగా కూర్చున్న గురువు పిల్లవాడి పెదవులు చూసి సరిదిద్దుతాడు. మఖ్రజ్ గురువు దగ్గర నేర్చుకుని, పునశ్చరణకు యాప్ వాడితే డబ్బు సార్థకం. గురువు జీతం మిగులుతుందని యాప్ కొంటే, చిన్నప్పుడు కుదురుకున్న తప్పు పెద్దయ్యాక వదలదు.

ఖుర్ఆన్‌కు సంబంధించినదానికి డబ్బు తీసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. ఖుర్ఆన్ బోధనకు వేతనం పుచ్చుకోవడాన్ని తొలితరం హనఫీ ఫుఖహా అంగీకరించలేదు. బోధనే అంతరించిపోయే ప్రమాదం చూసి తరువాతి తరం ఫుఖహా అనుమతించారు. ఇక యాప్ విషయంలో మనం చెల్లించేది దైవవాణికి వెల కాదు. దాన్ని తయారు చేసి, నడిపేవారి శ్రమకు ప్రతిఫలం.

మూడవది, పిల్లల కళ్ల ముందు నుంచి ప్రకటనలను తొలగించే చెల్లింపు. యూట్యూబ్ ప్రీమియం 2019 మార్చిలో మన దేశంలో మొదలైనప్పుడు నెలకు 129 రూపాయలు. 2024 ఆగస్టులో అది 149 అయింది. కుటుంబ పథకం 299కి చేరింది. ఒకే ఇంట్లో ఉండే ఆరుగురు దాన్ని వాడుకోవచ్చు. బయాన్‌లు, పాఠాలు రోజూ వినే ఇంట్లో, పాఠం మధ్యలో అశ్లీలమైన చిత్రమో, జూదపు ఆటల ప్రకటనో పిల్లల కంట పడకుండా ఉండటానికి ఈ ఖర్చు కొందరికి సబబుగా తోచవచ్చు. అయితే ఇది యూట్యూబ్ వేసే ప్రకటనలను తీసివేస్తుంది. వీడియో చేసినవారు లోపల చొప్పించిన ప్రచారం అలాగే ఉంటుంది. తరువాత ఏది చూడాలో యూట్యూబ్ చేసే సూచనలూ ఆగవు. ప్రకటనలు లేని యూట్యూబ్‌ను పిల్లవాడు ఇంకా ఎక్కువసేపు చూసే ప్రమాదం ఉంది. చందా కట్టినా తల్లిదండ్రుల పర్యవేక్షణ తప్పదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమని చెప్పింది. పిల్లల ప్రవర్తనను వెంటాడటం, వారిని గురి చేసుకుని ప్రకటనలు వేయడం కూడదని కూడా పేర్కొన్నది. చట్టం తన పని తాను చేస్తుంది. కానీ పిల్లలు తండ్రి ఖాతాతో తండ్రి ఫోన్ వాడుతున్నంత కాలం, అవతలి సంస్థ దృష్టిలో వాడుతున్నది పెద్దవాడే. కాబట్టి పిల్లలకు వారి వయసుతో వేరే ఖాతా తెరవండి.

చందా, గడువు, షరతు

ఫిఖ్హ్ చదివినవారికి ఖియారుష్షర్త్ అన్న అధ్యాయం గుర్తుండే ఉంటుంది. వస్తువు కొన్నవాడు కొన్ని రోజుల పాటు బేరాన్ని రద్దు చేసుకునే హక్కును షరతుగా పెట్టుకోవచ్చు. ఈ గడువు మూడు రోజులు దాటకూడదని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఎంత గడువో స్పష్టంగా నిర్ణయమైతే ఎక్కువ రోజులైనా ఫర్వాలేదని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయపడ్డారు. గడువులోగా రద్దు చేయకపోతే బేరం ఖాయమవుతుంది. నేటి "ఏడు రోజులు ఉచితం" అన్న పద్ధతికి దీనితో పోలిక ఉంది. గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఆపై ఎంత పోతుంది, రద్దు ఎలా అన్నవి తేటగా తెలియాలి. అవి మరుగున ఉంటే అందులోకి గరర్, అంటే అస్పష్టత, ప్రవేశిస్తుంది.

మన చట్టం కూడా దీన్ని గుర్తించింది. చందాలో చేరడం సులువు చేసి, బయటపడటం కష్టం చేసే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో మొత్తం 13 పద్ధతులు ఉన్నాయి. ఇలాంటి ఉచ్చులో పడినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇంటి స్థాయిలో కొన్ని జాగ్రత్తలు సరిపోతాయి. ఫోన్‌లో నుంచి యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో చందాల పేజీ తెరిచి, అక్కడ రద్దు చేయాలి. యూపీఐ ఆటోపే ద్వారా కడుతుంటే ఆ అనుమతిని మీ యూపీఐ యాప్‌లో కూడా చూసి ఆపవచ్చు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, దానంతట అదే పోయే సొమ్ము గురించి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని చదవకుండా చెరిపివేయకండి. పొరపాటున కొన్నదాన్ని 48 గంటల లోపు గుర్తిస్తే ప్లే స్టోర్‌లో వాపసు కోరవచ్చు. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా సెట్టింగు పెట్టుకుంటే పిల్లల చేతిలో ఫోన్ ఉన్నా భయం ఉండదు.

లెక్క కూడా ఏడాదికి వేసి చూడాలి. నెలకు 149 అన్నప్పుడు చిన్నదిగా కనిపించేది ఏడాదికి 1,788 అవుతుంది. ఇలాంటివి ఐదు ఉంటే 8,940. ఎన్నో ఇళ్లలో అది ఒక పిల్లవాడి పుస్తకాలకూ, దుస్తులకూ సరిపోయే మొత్తం. సూరా అల్-ఫుర్ఖాన్‌లో కరుణామయుని దాసుల లక్షణంగా చెప్పిన మధ్యేమార్గం ఇక్కడ కూడా దారి చూపుతుంది. పిసినారితనంతో పిల్లలను ప్రకటనలకు అప్పగించకూడదు. దుబారాతో తెరవని యాప్‌లకు కప్పం కట్టనూ కూడదు.

దొంగ ప్రతితో పారాయణమా?

చివరగా, నిర్లక్ష్యం చేయరాని విషయం. డబ్బు కట్టవలసిన యాప్‌ల తాళం పగలగొట్టిన ప్రతులు వాట్సాప్ గ్రూపులలో తిరుగుతున్నాయి. ఖుర్ఆన్, హదీసు యాప్‌ల విషయంలో కూడా "దీన్ పనికే కదా" అన్న సమర్థన వినిపిస్తున్నది. ఇస్లామీ సహకార సంస్థకు అనుబంధంగా ఉన్న అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై, గ్రంథకర్తల హక్కులు, ఆవిష్కర్తల హక్కులు, వ్యాపార నామాలు షరీఅత్ దృష్ట్యా రక్షణ పొందిన ఆస్తులేననీ, వాటిని ఉల్లంఘించడం ధర్మసమ్మతం కాదనీ తీర్మానించింది. యాప్ అలాంటి శ్రమఫలమే. పైగా తాళం పగలగొట్టినవాడు అందులో ఏమి చొప్పించాడో తెలియదు. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లోకి ముక్కూమొగం తెలియనివాడి చేతి సరుకు తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కొనే స్తోమత లేకపోతే ధర్మబద్ధమైన దారులు ఉన్నాయి. ప్లే స్టోర్‌లో ధర కట్టి కొన్న అనేక యాప్‌లను కుటుంబ లైబ్రరీ ద్వారా మరో ఐదుగురు వాడుకోవచ్చు. లోపల చేసే చందాలు చాలావరకు ఇలా పంచుకోవడానికి కుదరవు గనుక, కొనే ముందు చూసుకోవాలి. విద్యార్థులకు తక్కువ ధర ఉందేమో అడగవచ్చు. స్తోమత ఉన్నవారు హిఫ్జ్ చేసే బీద పిల్లవాడి ఏడాది చందాను సదఖాగా కట్టవచ్చు.

డబ్బు చెల్లించే ముందు భార్యాభర్తలు కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇదే పనికి ప్రకటనలు లేని ఉచిత యాప్ ఉన్నదా? వారంలో కనీసం నాలుగు రోజులు దీన్ని తెరుస్తామా? మన సమాచారం ఎవరికి పోతున్నది? దీన్ని రేపు ఆపాలంటే ఎలా ఆపాలో మనకు తెలుసా? మొదటి ప్రశ్నకు లేదనీ, రెండోదానికి ఔననీ జవాబు వచ్చి, మిగిలిన రెండింటికీ స్పష్టమైన సమాధానం దొరికితే నిశ్చింతగా కట్టండి. కట్టిన తేదీని, మొత్తాన్ని ఇంటి పద్దుల పుస్తకంలో రాయండి. ఒప్పందాన్ని రాసి ఉంచుకోవడం సూరా అల్-బఖరా మనకు నేర్పిన క్రమశిక్షణ. నెలకొకసారి ఆ పుటను తెరిచి, వాడనిదాన్ని ఆ రోజే రద్దు చేయండి. అలా మిగిలిన సొమ్ముకు ఇంట్లోనూ, పొరుగింట్లోనూ ఎన్నో అవసరాలు ఎదురుచూస్తున్నాయి.